కళ్లు తిరగడం నిజమే

తలకు దెబ్బ తగిలింది. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. మరి లేచి నిలబడితే కాళ్ల కింద నేల ఎందుకు కదులుతోంది?

సబ్బు నురగ ముఖం నిండా ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని మగ్గు కోసం చెయ్యి చాపాను. బాత్రూమ్ గోడ ఎడమవైపు నుంచి వచ్చి నా భుజానికి కొట్టుకుంది. గోడ రాలేదనీ, నేనే వెళ్లి దాని మీద పడ్డాననీ తెలియడానికి కాసేపు పట్టింది. బయటి నుంచి మా అత్తయ్య "ఏమైందే?" అని కేకేసింది. "ఏం లేదత్తయ్యా, మగ్గు పడింది" అన్నాను.

అప్పటికి నేను పడి పదకొండు రోజులు. విజయవాడ గుణదల దగ్గర కాలవ గట్టు రోడ్డు మీద ఏదో ట్రాక్టరు ఒలకబోసుకుంటూ పోయిన ఇసుకలో నా స్కూటీ జారింది. హెల్మెట్ ఉంది. కింద పడటం గుర్తుంది. ఆటోలో ఎవరో పెద్దావిడ భుజం మీద తల వాల్చి ఉండటం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఓ పావుగంట ఇప్పటికీ దొరకలేదు. ఆస్పత్రిలో తలకు సీటీ తీశారు. రక్తం గడ్డకట్టలేదు, ఎముక విరగలేదు. ఒక రాత్రి ఉంచుకుని పంపేశారు. ఆ రాత్రి వాళ్లు చేసింది సరైన పనే. ప్రాణానికి ముప్పు ఉందా లేదా అన్నది ముందు తేలాలి, తేలింది.

అసలు సంగతి ఇంటికొచ్చాక మొదలైంది. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే ఫ్యానూ పైకప్పూ కలిసి గిర్రున తిరిగేవి. వంటింట్లో పై అరలో కందిపప్పు డబ్బా కోసం తలెత్తితే అదే వరస. నాలుగు లైన్లు చదివేసరికి అక్షరాలు ఒకదాని మీదికొకటి ఎక్కేవి. నడుస్తుంటే పడవలో నిలబడ్డట్టు ఉండేది. మనిషిని చూస్తే మాత్రం ఏ లోటూ లేదు. మోచేతి మీద గీరుకుపోయిన చెక్కు కూడా రాలిపోయింది.

చూడటానికి వచ్చినవాళ్లు తలో రోగం పేరు చెప్పి వెళ్లారు. "పైత్యం చేసిందమ్మాయ్, పరగడుపున అల్లంరసంలో తేనె వేసుకుని తాగు" అంది అత్తయ్య. పక్కింటాయన మెడ ఎముకలు అరిగి ఉంటాయని తన పాత కాలరు తెచ్చి ఇచ్చాడు. మందుల షాపు అబ్బాయి బీపీ చూపించుకోమన్నాడు. మా అమ్మ ఊరి నుంచి రాగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఇవేవీ నాకు హాని చెయ్యలేదు. హాని చేసిన మాట తెల్లకోటు నుంచి వచ్చింది. "స్కాన్ క్లీన్‌గా ఉందమ్మా, కంగారు వల్ల అలా అనిపిస్తుంది. నెల రోజులు ఈ మాత్రలు వాడండి, తల ఎక్కువ కదపకండి."

చివరి మూడు మాటలూ నేను అక్షరాలా పాటించాను. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నదానిలా మూడు వారాలు నడిచాను. పక్కకు చూడాలంటే మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పేదాన్ని. తగ్గాల్సింది పోయి ముదిరింది. ఎందుకు ముదిరిందో తర్వాత తెలిసింది. ఈ కథనం రాయడానికి కారణం అదే.

కంట్లో కనిపించిన చెవి

మన భాషలో "కళ్లు తిరుగుతున్నాయి" అంటాం. ఎన్నో ఏళ్లుగా నేను దాన్ని వట్టి పలుకుబడి అనుకున్నాను. ఐదో వారంలో ఒక స్నేహితురాలి బలవంతం మీద ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళితే, ఆమె ముందు మెడ నొక్కి చూసి, తర్వాత నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నా తల కుడివైపు 45 డిగ్రీలు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత గది బొంగరమైంది. "కళ్లు మూయకండి, మూయకండి" అంటున్నారామె. అర నిమిషంలో ఆగింది. ఆమె ఫోన్‌లో తీసిన వీడియో చూపించారు. నా రెండు కనుగుడ్లూ చెవి వైపు చుట్టుతిరుగుతూ కొట్టుకుంటున్నాయి. కళ్లు నిజంగానే తిరుగుతున్నాయి! పలుకుబడి పుట్టించిన ఏ పల్లెటూరి ముసలమ్మో ఎదుటి మనిషి కళ్లలోకి సూటిగా చూసి ఉంటుంది.

జబ్బు చెవిలో ఉంటే కళ్లెందుకు తిరుగుతాయన్నది 20వ శతాబ్దం మొదట్లో వియన్నాలో రాబర్ట్ బారనీ అనే వైద్యుడు పట్టుకున్న సంగతి. చెవి కడుగుతుంటే రోగులకు కళ్లు తిరిగేవి. నీళ్లు చల్లగా ఉన్నాయని ఒకరు ఫిర్యాదు చేస్తే మరోసారి వేడినీళ్లతో కడిగాడు. ఈసారి కనుగుడ్లు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. నీటి వేడిని బట్టి లోపలి చెవిలో ద్రవం కదిలే దిక్కు మారుతోందనీ, కళ్లు ఆ కదలికను అనుసరిస్తున్నాయనీ ఆయన తేల్చాడు. 1914 సంవత్సరపు నోబెల్ ఆయనకే ఇచ్చారు. ఆ కబురు అందేసరికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. స్వీడన్ రాకుమారుడు కార్ల్ జోక్యంతో 1916లో విడుదలయ్యాడు.

లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలున్నాయి, మూడూ మూడు దిక్కుల్లో. తల తిప్పితే వాటిలో ద్రవం వెనకబడుతుంది, ఆ తేడా నరం ద్వారా మెదడుకు చేరుతుంది. వాటి పక్కనే రెండు చిన్న సంచులు. వాటిలో జిగురు పొర మీద కంటికి కనిపించనంత సన్నటి స్ఫటికాలు పరిచి ఉంటాయి. అవి కాల్షియం కార్బొనేట్, అంటే మన సున్నపురాయి జాతి. తల ఎటు వాలిందో, మనిషి లిఫ్టులో పైకి పోతున్నాడో కిందికో వీటి బరువే చెబుతుంది. తలకు గట్టి దెబ్బ తగిలితే ఈ స్ఫటికాలు ఊడి గొట్టాల్లోకి జారతాయి. పడుకున్నప్పుడూ ఒత్తిగిలినప్పుడూ అవి దొర్లి, తల ఆగిపోయాక కూడా తిరుగుతున్నట్టు మెదడుకు అబద్ధం చెబుతాయి. సీటీలో ఇవి కనపడవు. నా స్కాన్ నార్మలే, ఆ కాగితం అబద్ధం కాదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

నా మీద చేసిన ఆ పరీక్షను 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. డిక్స్‌కు అసలు శస్త్రచికిత్స నిపుణురాలు కావాలని ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడిలో ముఖానికి గాయాలై, కళ్లలో శిథిలాల ముక్కలు పడి చూపు దెబ్బతింది. కత్తి పట్టే దారి మూసుకుపోయి ఈ వైపు వచ్చింది.

చికిత్స కథ ఇంకా విడ్డూరం. అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో జాన్ ఎప్లీ అనే వైద్యుడు, ఊడిన స్ఫటికాలను తల వంపులతోనే వచ్చిన దారిన వెనక్కి దొర్లించవచ్చన్నాడు. మందు లేదు, కోత లేదు. 1980లో సాటి వైద్యులకు చూపిస్తే నవ్వారు. పత్రికలో అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా ఈఎన్‌టీ గదుల్లో జరిగేది అదే: తల తిప్పి పడుకోబెట్టడం, రెండో వైపుకు తిప్పడం, ఒత్తిగిల్లజేసి ముఖం నేలవైపు ఉంచడం, లేపడం. ఒక్కో భంగిమలో అర నిమిషం, నిమిషం. ఐదారు నిమిషాల పని. అయితే దెబ్బ వల్ల వచ్చిన రకం మొండిది. రెండు చెవుల్లోనూ ఉండొచ్చు, ఒకటి కంటే ఎక్కువ గొట్టాల్లో ఉండొచ్చు, తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. నాకు మూడుసార్లు చేయాల్సి వచ్చింది. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో ప్రయత్నించే ఉత్సాహవంతులు ఉంటారు. తలకు దెబ్బ తగిలినవాళ్లు మాత్రం మెడ ఎముకలు బాగున్నాయని డాక్టరు చెప్పేదాకా ఆ జోలికి పోవద్దు.

ఈ పేజీ చేతిలో ఉందిగా

మూడో విడత తర్వాత పక్క మీద గది తిరగడం ఆగింది. ఇక అయిపోయిందనుకుని మా ఊరి బజారు బీసెంట్ రోడ్డుకు వెళ్లాను, పిల్లాడి యూనిఫాం కోసం. ఆ సందడి, రెండు పక్కలా వేలాడే చీరలు, ఎదురొచ్చే జనం, మెరిసే దీపాలు... పది గజాలు నడిచేసరికి కడుపులో తిప్పింది. ఒక గాజుల బండి పట్టుకుని నిలబడ్డాను. బండాయన "చక్కెర ఉందా అమ్మా?" అంటూ చాక్లెట్ ఇచ్చాడు.

ఇదేమిటో తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. ఈ పేజీని చేతిలో కదలకుండా పట్టుకుని, తలను కాదు కాదన్నట్టు చకచకా ఊపుతూ చదవండి. చదవగలరు. ఇప్పుడు తల ఆపి, అదే వేగంతో పేజీని ఊపండి. అక్షరాలు అలికినట్టయిపోతాయి. తేడా ఏమిటంటే, తల కదిలినప్పుడు లోపలి చెవి ఆ కబురు నేరుగా కంటి కండరాలకు పంపుతుంది. తల కుడికి పోయినంత కన్ను ఎడమకు పోతుంది, బొమ్మ కదలదు. ఈ పని జరగడానికి సెకనులో నూరో వంతు కూడా పట్టదు. పేజీ కదిలినప్పుడు మాత్రం చూసి, గుర్తించి, వెంటపడాలి. దానికి దాదాపు పది రెట్లు ఎక్కువ సమయం కావాలి. అందుకే అలుక్కుపోతుంది.

తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఆ మొదటి దారి మొద్దుబారవచ్చు. చెవి దెబ్బతిన్నా, నరం కమిలినా, మెదడు కాండంలోనో చిన్నమెదడులోనో తీగలు అదిరినా ఫలితం ఒకటే. తల తిప్పిన ప్రతిసారీ లోకం కొద్దిగా జారుతుంది. చెవి చెప్పేదాని మీద మెదడుకు నమ్మకం పోయి కళ్ల మీదికి ఒరుగుతుంది. కళ్ల ముందు అంతా కదులుతుంటే నేనే కదులుతున్నానని పొరబడుతుంది. బీసెంట్ రోడ్డు నన్ను పడగొట్టింది అందుకే. సూపర్ మార్కెట్ అరల మధ్య, ఫోన్‌లో వేలితో పైకి తోసే వీడియోల్లో, ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి గేట్ల కింద పారే నీళ్లను చూస్తున్నప్పుడు ఇదే బాధ.

మనిషి నిలబడటానికి మూడు ఆధారాలు: చెవి, కన్ను, అరికాళ్లూ కీళ్లూ పంపే కబుర్లు. మా వైపు కూచిపూడిలో తరంగం ఆడే పిల్ల ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి అరికాలితో దాన్ని చదువుకుంటూ కదులుతుంది, చూపు హస్తం వెంట, తల మీద చెంబు. మూడు ఆధారాలనూ కలిపి వాడటమే ఆ విద్య. నా సంగతికొస్తే, కళ్ల మీద సబ్బు నురగ వచ్చిన క్షణాన మూడింటిలో ఒకటి పోయింది, రెండోది అప్పటికే నమ్మదగ్గది కాదు. మిగిలింది తడి గచ్చు మీది అరికాళ్లు. పడక ఏం చేస్తాను?

బండి ఱ వైద్యం

ఈఎన్‌టీ డాక్టరు నన్ను ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. చిన్నపిల్ల, పాతికేళ్లుంటాయి. వాడుతున్న మాత్రల చీటీ చూసి, "ఇవి ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు మేడమ్?" అంది. నలభై రోజులని చెబితే పెదవి విరిచి, డాక్టరుకు ఫోన్ చేసి ఆపించింది. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటి మందులు విపరీతంగా తిరిగే మొదటి రెండు మూడు రోజులకు ఉపకారం. వారాల తరబడి వేసుకుంటే తూలును అణిచి ఉంచినట్టే మెదడు నేర్చుకోవడాన్నీ అణిచేస్తాయి. మెదడు తప్పు జరిగినప్పుడే దిద్దుకుంటుంది. తల కదిలి, బొమ్మ జారి, ఆ జారినంత తేడా చిన్నమెదడుకు అందితేనే కొత్త లెక్క కడుతుంది. తల కదపకుండా కూర్చున్న మనిషికి తప్పూ లేదు, దిద్దుబాటూ లేదు. మూడు వారాలు నేను చేసింది అదే.

"అయితే తల తిప్పమంటారా? తిప్పితేనే కదా తిరుగుతోంది!" అన్నాను.

"అందుకే తిప్పాలి మేడమ్. కాకపోతే కొలతగా."

కొలత ఇలా ఉంటుంది. చెయ్యి చాచినంత దూరంలో గోడ మీద అట్టముక్క, దాని మీద ఒక అక్షరం. దాని మీంచి చూపు తీయకుండా తలను పక్కలకు, తర్వాత పైకీ కిందికీ ఊపాలి. అక్షరం అలుక్కుపోకుండా ఉండే వేగం వరకే. మొదట కూర్చుని, తర్వాత నిలబడి, తర్వాత పాదాలు దగ్గర చేసి, మడత పెట్టిన బొంత మీద నిలబడి, చివరికి నడుస్తూ. ఇంకో మెట్టులో అట్టముక్కను చేత్తో ఒకవైపు, తలను ఎదురువైపు ఊపాలి. ఒక పక్క లోపలి చెవి పని తగ్గినవాళ్లకు, బాధ కొత్తదైతే రోజుకు కనీసం 3 విడతలుగా మొత్తం 12 నిమిషాలకు తగ్గకుండా, పాతబడితే 3 నుంచి 5 విడతలుగా 20 నిమిషాలకు తగ్గకుండా చేయించాలని అమెరికా ఫిజియోథెరపిస్టుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అట్ట మీద ఏ అక్షరం రాయాలన్న సమస్య మా వాడు తీర్చాడు. "బండి మీంచి పడ్డావుగా, బండి ఱ రాస్తాను" అన్నాడు. వాడుకలోంచి పోయిన ఆ అక్షరాన్ని నేను చూసినంతగా ఈ రాష్ట్రంలో ఇంకెవరూ చూసి ఉండరు.

ప్రతి విడతకు ముందూ వెనకా పదికి ఎంత తిరుగుతోందో నోటుబుక్కులో రాయాలి. "రెండు పాయింట్లు పెరిగితే ఫర్వాలేదు. పావుగంటలో దిగిపోవాలి. దిగకపోతే రేపు తగ్గిద్దాం. అసలు పెరగకపోతే మీరు మోసం చేస్తున్నట్టు" అనేది ఆ అమ్మాయి. వికారం వచ్చేలా చేయించి డబ్బు తీసుకునే వైద్యం ఇదొక్కటేనని నేను దెప్పేదాన్ని. విసుగు పుట్టించే చాకిరీ ఇది. సగం మంది రెండో వారంలోనే మానేస్తారేమోనని నా అనుమానం. యంత్రాలు, కాంతులు, ఆపరేషన్ల మీద మనకున్న భక్తి గోడ మీది అట్టముక్క మీద కుదరదు.

ఈ వైద్యం కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో తలగాయాలతో తిరిగొచ్చిన సైనికులను చూసిన టెరెన్స్ కాథార్న్ అనే చెవి శస్త్రవైద్యుడు, మంచం దిగి తిరిగేవాళ్లు పడుకున్నవాళ్లకంటే త్వరగా కోలుకోవడం గమనించాడు. కుక్సీ అనే పునరావాస వైద్యుడితో కలిసి వ్యాయామాలు రూపొందించాడు. ముందు కళ్లు, తర్వాత తల, తర్వాత భుజాలు. కూర్చుని, నిలబడి, బంతి విసురుకుంటూ, కళ్లు మూసుకుని. ఒంటరిగా కాదు, గుంపుగా. గోలగా జనంతో నిండిన చోట్లకు అలవాటు పడటం కూడా వైద్యంలో భాగమే. 1940ల నాటి ఆ క్రమం కుక్సీ-కాథార్న్ వ్యాయామాల పేరుతో ఇప్పటికీ ఫిజియోథెరపీ పాఠాల్లో ఉంది.

తలకు దెబ్బ తగిలితే చీకటి గదిలో పడుకోబెట్టే అలవాటు క్రీడావైద్యంలో చాలాకాలం ఉండేది. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్న క్రీడా తలగాయాల నిపుణులు పూర్తి విశ్రాంతి వద్దని తేల్చారు. మొదటి 24 నుంచి 48 గంటలు పని తగ్గించుకుని, ఆ తర్వాత తేలికపాటి కదలికతో మొదలుపెట్టమన్నారు. తూలూ మెడనొప్పీ పది రోజులు దాటినా పోకపోతే మెడకూ సమతూకానికీ కలిపి చికిత్స చేయమన్నారు. దీని వెనకున్న అధ్యయనాల్లో ఒకటి 2014లో కెనడాలోని కాల్గరీలో జరిగింది. అలా చికిత్స పొందిన 15 మందిలో 11 మందికి ఎనిమిది వారాల్లో తిరిగి ఆడుకోవడానికి వైద్యుల అనుమతి దొరికింది. మామూలు పద్ధతిలో ఉన్న 14 మందిలో ఒక్కరికే దొరికింది. చిన్న అధ్యయనమే, ఆడేవాళ్లంతా కుర్రవాళ్లే. అయినా తేడా కొట్టొచ్చినట్టుంది.

క్రికెట్ వల్ల మనకూ ఈ సంగతి కొంత ఎక్కింది. 2019 యాషెస్‌లో లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ మెడ దగ్గర బంతి తగిలాక అతని చోటులో లబుషేన్ ఆడాడు. కంకషన్ సబ్‌స్టిట్యూట్ అన్న మాట ఆరోజు మన డ్రాయింగ్ రూముల్లోకి వచ్చింది. ఆటగాడికి దెబ్బ తగిలితే పక్కన కూర్చోబెట్టి పరీక్షిస్తారని ఇంటిల్లిపాదికీ తెలుసు. స్కూటీ మీంచి పడిన మనిషి మర్నాడే ఆఫీసుకు పోతే ఎవరూ ఆపరు.

రెండైన పెన్ను

ఇక చూపు. నా ముక్కు వైపు పెన్ను తెస్తూ "రెండుగా కనపడగానే చెప్పండి" అన్నారు ఆప్టోమెట్రిస్టు. మామూలుగా ఐదారు సెంటీమీటర్ల దాకా ఒక్కటిగానే ఉండాలి. నాకు జానెడు దూరంలోనే రెండైంది. కంటి అద్దాల నంబరు మారలేదు, పొర లేదు, కంటి లోపల ఏ మచ్చా లేదు. దగ్గరి వస్తువు కోసం రెండు కళ్లూ కలిసి లోపలికి తిరగాల్సిన జతకట్టు సడలింది. లైన్లు ఒకదాని మీదికొకటి ఎక్కడానికి అదీ కారణం. తలకు దెబ్బ తగిలాక వచ్చే చూపు బాధల్లో ఇది తరచూ కనిపించేది. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి చూపు గురి తప్పడం, దగ్గరి నుంచి దూరానికి ఫోకస్ మారడానికి ఆలస్యం, వెలుతురు భరించలేకపోవడం దాని తోబుట్టువులు. కొందరికి ఒక వస్తువు కిందా మీదా రెండుగా కనిపిస్తుంది. కంటిని కదిలించే నరాల్లో నాలుగోది సన్నది, పుర్రెలో చాలా దూరం ప్రయాణించేది, దెబ్బకు త్వరగా లొంగుతుంది. అలాంటివాళ్లు తెలియకుండానే తల ఒక పక్కకు వాల్చి నడుస్తారు, మెడ పట్టేసిందనుకుంటారు.

నాకిచ్చిన సాధన ఒక దారం, మూడు పూసలు. పాత పూసలదండ తెంపి నేనే చేసుకున్నాను. దారం ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస ముక్కు కొనకు. ఒక పూసను చూస్తే దారం రెండై, సరిగ్గా ఆ పూస దగ్గర కత్తెర వేసినట్టు కనపడాలి. దారం ఒక్కటే కనిపిస్తే ఒక కన్ను పని ఎగ్గొట్టినట్టు. దూరం పూస, నడిమి పూస, దగ్గరి పూస, మళ్లీ వెనక్కి. పదిహేను నిమిషాలకు కళ్ల వెనక ఎవరో పిండినట్టు ఉండేది. కళ్లు జతకట్టకుండా తల తిప్పే వ్యాయామం ఎంత చేసినా లాభం తక్కువ. ఆ గోడ మీది ఱ రెండుగా కనిపిస్తే ఏది నిలబెట్టాలి? చెవి వైద్యమూ కంటి వైద్యమూ ఒకరికొకరు తెలిసి చేయాల్సింది ఇక్కడే. నా విషయంలో ఇద్దరి మధ్యా చీటీలు మోసింది నేను.

కంటి సాధన విషయంలో ఒక హెచ్చరిక. అన్నీ ఒకే గట్టి ఆధారం మీద నిలబడ్డవి కావు. 2008లో అమెరికాలో 221 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనంలో, కళ్లు లోపలికి తిరగని బాధకు క్లినిక్‌లో పన్నెండు వారాలు సాధన చేసినవాళ్లలో 73 శాతం మెరుగయ్యారు. ఇంట్లో పెన్సిల్ వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో 43 శాతం. వాళ్లు తలకు దెబ్బలు తగిలిన పిల్లలు కారు. దెబ్బ తర్వాతి బాధకు కూడా ఇది ఉపకరిస్తుందన్నది ఆశ కలిగించే మాటే, ఆ స్థాయి రుజువు మాత్రం కాదు. షికాగోలో క్లార్క్ ఎలియట్ అనే ప్రొఫెసర్ 1999లో కారు ప్రమాదం తర్వాత ఎనిమిదేళ్లు బాధపడి, ప్రత్యేక కళ్లద్దాలతో, బొమ్మల పజిళ్లతో కోలుకున్నానని 2015లో పుస్తకం రాశారు. చదవదగ్గదే. కానీ ఒక మనిషి అనుభవం ఇంకొకరికి మందు చీటీ కాదు, నాది కూడా. ఎవరైనా ముందే నలభై సిట్టింగుల ప్యాకేజీ కట్టమంటే లేచి రండి. ఏ లోపం కొలిచారు, ఎంత ఉంది, ఆరు వారాల తర్వాత మళ్లీ కొలుస్తారా అని అడగండి. కొలతలు చెప్పలేని చోట డబ్బు కట్టాల్సిన పని లేదు.

లెక్కలో లేని గడి

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ పెట్టుకోనివారిలో పోయిన ప్రాణాలు 50,029. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు, అంటే ఎందరో భార్యలు, అమ్మలు, చెల్లెళ్లు. గాయపడిన దాదాపు నాలుగున్నర లక్షల మందిలో ఇంటికెళ్లాక కళ్లు తిరుగుతున్నదెందరికో ఆ నివేదికలో గడి లేదు. తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుడు, కట్టుడు గోడ మీంచి జారిన తాపీమేస్త్రీ అసలు ఆ లెక్కలోకే రారు. మళ్లీ ఎత్తు ఎక్కితేనే వాళ్లకు కూలి.

మన దగ్గర వసతి అసలు లేదనలేం. ఈఎన్‌టీ వైద్యులు ఉన్నారు, సమతూక పరీక్షలు చేసే ఆడియాలజిస్టులు ఉన్నారు, ఫిజియోథెరపిస్టులు జిల్లా కేంద్రాల్లో కూడా ఉన్నారు. చెన్నై శంకర నేత్రాలయలో మెదడు దెబ్బల తర్వాతి చూపు బాధలకు న్యూరో ఆప్టోమెట్రీ విభాగమే ఉంది. ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ వంటి వృత్తులకు 2021లో కేంద్రం జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. లేనిది వీళ్ల మధ్య దారి. ప్రమాదంలో వచ్చిన రోగిని డిశ్చార్జ్ చేసేటప్పుడు "పడుకుంటే గది తిరుగుతోందా, చదివితే అక్షరాలు జారుతున్నాయా?" అని రెండు ప్రశ్నలు వేసి, అవునంటే ఎక్కడికి వెళ్లాలో ఆ కాగితం మీదే రాస్తే చాలు. ఖర్చు ఒక సిరా గీత.

తలకు దెబ్బ తగిలినవాళ్ల ఇంట్లోవారికి ఒక మాట. తలనొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, మనిషి మగతలోకి జారుతున్నా, మాట తడబడినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, చెవి నుంచో ముక్కు నుంచో నీరు కారుతున్నా ఇవేవీ వ్యాయామంతో తగ్గేవి కావు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడే పెద్దవాళ్లలో పుర్రె కింద రక్తం నెమ్మదిగా ఊరి, పడిన కొన్ని వారాలకు బయటపడవచ్చు. "ఎప్పుడో పడ్డాడులే" అని వదిలేయవద్దు. ఇవేవీ లేకుండా పది రోజులు దాటినా తూలు పోకపోతే చెవి, కన్ను, మెడ మూడూ చూపించండి. తిరుగుడు ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏ పక్కకు తిరిగితే వస్తోంది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరుకు స్కాన్ కంటే ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది.

నేను తొమ్మిదో వారంలో మళ్లీ బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాను, రెండుచోట్ల ఆగి. గాజుల బండాయన గుర్తుపట్టలేదు. నాలుగో నెలలో స్కూటీ తీశాను. పాత హెల్మెట్ పైకి చూస్తే చిన్న గీత తప్ప ఏమీ లేదు, బాగానే ఉందిగా అంది అత్తయ్య. లోపలి థర్మాకోల్ ఒకసారి నలిగితే రెండో దెబ్బకు కాయదు. దాన్ని పారేసి ఐఎస్ఐ ముద్ర ఉన్నవి రెండు కొన్నాను, ఒకటి వెనక కూర్చునేవాళ్లకు.